పదకొండేళ్ల పాప, ఆర్డరు పెట్టిన పాయింట్ షూ, ఆరు నెలల్లో పోటీ

ముందు పాయింట్ షూ సంగతి, అంటే బ్యాలేలో మునివేళ్ల మీద నిలబడి ఆడటానికి వేసుకునే షూ సంగతి తేల్చేద్దాం. పెట్టె ఇంకా విప్పకపోతే ఈరోజే రిటర్న్ పెట్టండి. పాప బాధపడుతుందని బీరువాలో దాచొద్దు. మీరు వంటింట్లో ఉన్నప్పుడు తను వాటిని తీసి తొడుక్కుని, కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేచి చూస్తుంది. ఆ వయసులో నా చేతికి దొరికి ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను. ఉండేది విజయవాడ పటమట. పాపకు పదకొండేళ్లు, ఆరో తరగతి. ఐదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. యూట్యూబ్‌లో బ్యాలే (యూరపు శాస్త్రీయ నృత్యం) చూసినప్పటి నుంచి అదే లోకం. దగ్గర్లో ఒక డాన్స్ స్కూలు వాళ్లు ఆరు నెలల్లో బ్యాలే నేర్పి "ఇంటర్నేషనల్" పోటీకి తీసుకెళ్తామన్నారు, పాయింట్ షూ మాత్రం మీరే తెచ్చుకోమన్నారు. ఒప్పుకోవచ్చా, కూచిపూడి మాన్పించాలా, ఇప్పటికే ఆలస్యమైందా అన్నవి మీ ప్రశ్నలు.

నా సంగతి రెండు ముక్కల్లో. పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. ఎనిమిదో ఏట గజ్జె కట్టాను. డిగ్రీకి చెన్నై వెళ్లినప్పుడు బ్యాలే మొదలుపెట్టి తొమ్మిదేళ్లు నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా గుంటూరులోనూ విజయవాడలోనూ పిల్లలకు రెండూ చెప్తున్నాను. బ్యాలే నేర్చుకుంటున్నానని మా మేనత్తకు చెప్పినప్పుడు "ఏ వేషం ఇచ్చారే?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. మన వైపు బ్యాలే అంటే నృత్యనాటకమే. ఇప్పటికీ నాకు ఫోన్ చేసి "మా అమ్మాయికి సత్యభామ వేషం వస్తుందా మేడమ్" అని అడిగేవాళ్లు ఉన్నారు.

కూచిపూడి మాన్పించకండి. బ్యాలే మీద మోజు పుట్టగానే తల్లిదండ్రులు చేసే మొదటి పని అదే కాబట్టి ముందే చెప్తున్నాను. ఫీజు కలిసొస్తుంది, రెండు సాయంత్రాలు ఖాళీ అవుతాయి, నిజమే. కానీ ఐదేళ్లు అడవులు (మన నాట్యంలో మూల అడుగులు) తట్టిన పిల్లకు తాళం ఒంట్లో కలిసిపోయి ఉంటుంది. నా బ్యాలే క్లాసుకి కొత్తగా వచ్చినవాళ్లలో కూచిపూడి పిల్లల్ని పది నిమిషాల్లో గుర్తుపడతాను. లెక్క తప్పరు. ఒకసారి చూపించిన వరస మర్చిపోరు. స్టేజీ అంటే బెదరరు. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలని వాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ఈ రెండు నాట్యాల మధ్య రాకపోకలు కొత్తవి కూడా కావు. రుక్మిణీదేవి అరండేల్ మొదట నేర్చుకున్నది బ్యాలేనే, రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర. మీ దేశపు నాట్యం వైపు చూడమని పావ్లోవా ప్రోత్సహించాకే ఆవిడ భరతనాట్యానికి వచ్చారు. 1936లో మద్రాసులో కళాక్షేత్ర నాట్యపాఠశాల పెట్టారు. బ్యాలే ఇష్టపడితే మన నాట్యానికి దూరమైపోతారని భయపడే కూచిపూడి మాస్టార్లు ఎవరైనా ఉంటే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి.

చిక్కు ఇంకోచోట ఉంది. కూచిపూడిలో బరువు నేలకు ఇస్తాం. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చుని, ఆ ఎత్తులోనే ఉండి, అరికాలు మొత్తం తట్టి చప్పుడు తెప్పిస్తాం. గజ్జెల అందమంతా ఆ తట్టులోనే ఉంది. బ్యాలేలో ప్లియే అని ఒకటుంది, మోకాళ్లు పక్కలకు వంచి కిందికి దిగడం. ఫోటో తీస్తే అచ్చం అరమండే. కదిలితే గానీ తేడా తెలియదు. అరమండిలో మనం ఉంటాం, ప్లియేలోంచి దాటిపోతాం. స్ప్రింగు నొక్కినట్టు దిగి, అడుగున ఆగకుండా పైకి రావాలి. కూచిపూడి పిల్లలు ప్లియేలోకి దిగి అక్కడే హాయిగా కూర్చుండిపోతారు. తప్పని చెప్తే తెల్లమొహం వేస్తారు, పాపం. ఇంకా కిందికి కూర్చోమని ఐదేళ్లు తిట్లు తిన్నవాళ్లు కదా.

ఎగిరి దిగడం కూడా అంతే. బ్యాలేలో దిగేటప్పుడు ముందు వేళ్లు, తర్వాత పాదం ముందుభాగం, ఆఖరున మడమ, ఒకదాని వెనక ఒకటి నేలను తాకాలి. చప్పుడొచ్చిందంటే తప్పు జరిగినట్టే. మనవాళ్లు మొదటి రెండు నెలలు ధబ్బుమని దిగుతారు. ఎన్ని ఫ్రెంచి పదాలు చెప్పినా నా దగ్గర కుదరలేదు. "కింద పోర్షన్‌లో చంటిపిల్ల పడుకుంది" అన్నాక కుదిరింది. అప్పటి నుంచీ మా హాలు కింద ఒక చంటిపిల్ల పడుకునే ఉంది. తనకిప్పుడు ఇరవై ఏళ్లుండాలి.

అందుకే మొదటి ఏడాది రెండు క్లాసులూ ఒకే రోజు పెట్టొద్దు. అలిసిన కాలు పాత అలవాటుకే పోతుంది. తప్పకపోతే బ్యాలే ముందు, కూచిపూడి తర్వాత.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడాల్సిన విషయం. కాళ్లు బయటికి తిప్పి నిలబడటాన్ని టర్నౌట్ అంటారు. బ్యాలే మొత్తం దీని మీదే నిలబడింది. ఫ్రాన్సులో పధ్నాలుగో లూయీ 1661లో నాట్య అకాడమీ స్థాపించాడు. ఆయన ఆస్థాన నాట్యాచార్యుడు పియెర్ బోషాం ఐదు పాద స్థానాలు స్థిరపరిచాడని చెప్తారు. ఇప్పటికీ మొదటి రోజు నేర్పేవి అవే. మీ పాప వీడియోల్లో చూసే అమ్మాయిలకు మొదటి స్థానంలో మడమలు కలిపితే రెండు పాదాలూ ఒకే గీతలో, 180 డిగ్రీలు ఉంటాయి. ప్రతి పిల్లా మొదట అనుకరించేది అదే, దెబ్బ తినేదీ అక్కడే.

ఆ తిరగడం తుంటి కీలులోంచి రావాలి. తొడ ఎముక తల, అది కూర్చునే గిన్నె ఏ కోణంలో తయారయ్యాయన్నది ఎక్కువగా పుట్టుకతో వచ్చేది. కండను బలపరిచి, ఉన్న కోణాన్ని పూర్తిగా వాడుకోవడం నేర్పగలం. ఎముకను మార్చలేం. లేని కోణం పాదంలో చూపించాలంటే ఒకటే దారి. మోకాళ్లు వంచి, పాదాలను నేల మీద బయటికి తిప్పి అంటించి, తర్వాత మోకాళ్లు నిటారు చేయడం. పాదాన్ని నేల పట్టుకుని ఉంటుంది, పైన తొడ అంత దూరం తిరగదు. ఆ తేడా మొత్తం మోకాలూ చీలమండా మోస్తాయి. పాదం లోపలి వంపు కూలిపోతుంది, నడుము ముందుకు తూలుతుంది.

నేను చేసింది సరిగ్గా అదే. చెన్నైలో నేర్చుకున్న చోట అద్దంలో పక్కమ్మాయిని చూసి, నాకు లేని టర్నౌట్ పాదాలతో తెచ్చాను. అరమండి బాగా ఉన్నదాన్ని, నాకు రాకపోవడమేంటని గర్వం. టీచరు చూశారు, "వెరీ గుడ్" అన్నారు. ఎనిమిది నెలలకు మోకాలి లోపలి వైపు నొప్పి మొదలైంది. తర్వాత మెట్లు దిగడం కష్టమైంది. దాదాపు ఏడాది రెండు నాట్యాలకూ దూరంగా ఉన్నాను. ఆ ఏడాది గజ్జెలు చూస్తే ఏడుపొచ్చేది. ఆ టీచరు మీద ఇప్పుడు కోపం లేదు గానీ, నా విద్యార్థుల మోకాళ్ల వైపు చూసే ప్రతిసారీ ఆవిడ అన్న "వెరీ గుడ్" గుర్తొస్తుంది.

మీ పాప నిజమైన టర్నౌట్ ఎంతో ఇంట్లోనే చూడొచ్చు. మన ఇళ్లలో గ్రానైట్ ఉంటుంది కదా, నాట్యానికి అది ఎంత చెడ్డదో దీనికి అంత మంచిది. సాక్సులు వేయించి, పాదాలు సమాంతరంగా పెట్టి నిలబడమనండి. మీరు పక్కన చెయ్యి అందించండి, జారుతుంది. మోకాళ్లు నిటారుగా ఉంచి, పాదాలతో కాకుండా తొడలను పైనుంచి బయటికి తిప్పమనండి. నేల జారుడుగా ఉంది కాబట్టి పాదాలు మోసం చేయలేవు, తుంటి ఎంత తిప్పితే అంతే తిరుగుతాయి. అక్కడ ఆగిన కోణమే తనది. రెండు పాదాల మధ్య 90 డిగ్రీలు వచ్చినా, 110 వచ్చినా కంగారు పడొద్దు, దాంతోనే మొదలుపెట్టాలి. తర్వాత మోకాళ్లు వంచితే మోకాలి చిప్ప సరిగ్గా కాలి రెండో వేలి మీదుగా పోతోందా చూడండి. బొటనవేలు దాటి లోపలికి పోతోందంటే కోణం తగ్గించాలి. ఈ ఒక్క పరీక్ష తన అరమండికీ పనికొస్తుంది. అరమండిలో కూడా మోకాళ్లు ముందుకు వాలే పిల్లలు చాలామందే ఉన్నారు.

పాయింట్ షూ విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకు వద్దన్నానో చెప్పాలి కదా. మునివేళ్ల మీద నాట్యం బ్యాలేతోపాటు పుట్టింది కాదు. 1832లో పారిస్‌లో మేరీ టాలియోని ఒక పూర్తి నాట్యరూపకాన్ని మునివేళ్ల మీద ఆడాక అది కళలో భాగమైంది. ఇప్పటి షూ ముందుభాగం గుడ్డ, కాగితం పొరలకు జిగురు పట్టించి గట్టిపరిచిన డబ్బా లాంటిది. అరికాలి కింద గట్టి పట్టీ ఉంటుంది. షూ మనిషిని పైకి లేపదు, లేచిన మనిషిని పట్టి ఉంచుతుందంతే. లేపాల్సింది పిక్క, చీలమండ, పొట్ట కండరాలు. అవి లేకుండా ఎక్కితే వేళ్లు ముడుచుకుంటాయి, చీలమండ పక్కకు ఒరుగుతుంది. ఒంటి బరువంతా ఇంకా పెరుగుతున్న చిన్న చిన్న ఎముకల మీద పడుతుంది. ఆడపిల్లల్లో పాదాల ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి సుమారు 14, 15 ఏళ్లు పడుతుంది.

అలాగని పదిహేనేళ్ల దాకా ఆగమని కాదు. రెండు మూడేళ్లు సరైన బ్యాలే శిక్షణ అయ్యాక, పదకొండు పన్నెండేళ్ల తర్వాత, మంచి టీచర్లు ఒక్కొక్కరినే చూసి ఒప్పుకుంటారు. మీ పాపకు పదకొండేళ్లున్నాయి, శిక్షణ లేదు. కూచిపూడి ఐదేళ్లను ఇందులో లెక్కేయొద్దు. ఆ ఐదేళ్లూ అరికాలు నేలకు తట్టింది, మడమ ఎత్తి పాదం ముందుభాగం మీద నిలబడటం తక్కువే. నేను చూసేవి ఇవి. గోడకు వేలు ఆనించి, మోకాలు వంగకుండా, ఒంటికాలి మడమను పూర్తి ఎత్తుకు ఇరవైసార్లైనా లేపి దించగలగాలి. ఒంటికాలి మీద వరసగా పదహారుసార్లు ఎగిరి దిగితే కనీసం ఎనిమిది శుభ్రంగా ఉండాలి, అంటే నడుము ఒరగకూడదు, మోకాలు లోపలికి పోకూడదు. పాదం చాపినప్పుడు కాలి ముందు ఎముక మీద పెట్టిన పెన్సిలు పాదం మీదుగా చదునుగా పడుకోవాలి. ఇవన్నీ వచ్చినా మొదటి మూడు నెలలు బార్ (గోడ పక్కన ఆసరాకి ఉండే కమ్మీ) పట్టుకుని, వారానికి రెండు మూడుసార్లు, పది నిమిషాలు మాత్రమే. ఇంకో మాట, పాయింట్ షూ ఆన్‌లైన్‌లో సైజు చూసి కొనేది కాదు. పాదం వెడల్పు, వేళ్ల పొడవుల తేడా, వంపు చూసి, తొడిగి, నిలబెట్టి ఎంచుకోవాలి. ఇప్పటికి మెత్తటి బ్యాలే స్లిప్పర్లు చాలు, ధర కూడా తక్కువే.

మీ పాప వయసులో ఇంకొకటి జరుగుతుంది. ఆడపిల్లలు పదకొండు పన్నెండేళ్ల మధ్య గబగబా పొడుగవుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండ వెనకబడుతుంది. నిన్నటిదాకా వంగిన ఒళ్లు బిగుసుకుంటుంది, తూకం తప్పుతుంది, వచ్చిన అడవు కూడా పాడవుతుంది. "బద్ధకం పెరిగింది, ఫోన్ ఎక్కువైంది" అని మనం తిడతాం. ఆ కొన్ని నెలలు గంతులు తగ్గించి, బలం పెంచే కసరత్తు ఎక్కువ చేయించాలి. సాగదీయడం బలవంతంగా అసలు వద్దు. స్ప్లిట్ రాలేదని పిల్ల వీపు మీద కూర్చునే టీచర్లను, పాదాలను సోఫా కింద ఇరికించి వంచే చాలెంజ్ వీడియోలను చూశాను. అలాంటిది కనిపిస్తే నోరు మూసుకుని ఉండకండి, పిల్లను తీసుకుని వచ్చేయండి.

స్కూలు ఎంచుకునే ముందు ఫ్లెక్సీ మీద ఫోటోలు కాదు, నేల చూడండి. చెప్పులు విప్పి ఒకసారి మీరే ఎగిరి చూడండి, సిగ్గుపడొద్దు. కాంక్రీటు శ్లాబు మీద టైల్సో గ్రానైటో ఉంటే ఆ నేల ఏమాత్రం దెబ్బ తీసుకోదు, మొత్తం ముంగాలి ఎముకకూ మోకాలికీ తిరిగొస్తుంది. గుంటూరులో నేను మొదట తీసుకున్న హాలు అలాంటిదే. ఆరు నెలల్లో ముగ్గురు పిల్లలు కాలి ముందు ఎముక నొప్పి అన్నారు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. తర్వాత చెక్క రీపర్లు నిలువుగా అడ్డంగా పరిపించి, వాటి కింద రబ్బరు ముక్కలు పెట్టించి, పైన రెండు వరసల ప్లైవుడ్, ఆ పైన వినైల్ షీటు వేయించాను. కార్పెంటరు దాని మీద నడిచి చూసి "ఊగుతోంది మేడమ్, మేకులు కొట్టి బిగించెయ్యనా?" అన్నాడు. ఊగడానికే నాయనా అంటే నా వైపు అదోలా చూశాడు. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బుతుంది కాబట్టి గోడ దగ్గర వేలెడు సందు వదలాలని మాత్రం ఆయనే చెప్పాడు, ఆ సలహా వల్లే ఇప్పటికీ నిలిచింది. అంత ఖర్చు పెట్టలేని స్కూలైతే గంతులు తగ్గించి చెప్పాలి. జిమ్నాస్టిక్స్ మెత్తలు వేసి సరిపెట్టేవాళ్లుంటారు, అవి మరీ మెత్తన, చీలమండ మడతపడుతుంది.

టీచరును అడగాల్సినవి కూడా నేల లాంటివే, చిన్నవిగా కనపడతాయి. మీరు బ్యాలే ఎవరి దగ్గర, ఎన్నేళ్లు, ఏ పద్ధతిలో నేర్చుకున్నారు? వాగనోవానా, చెకెట్టీనా, రాయల్ అకాడమీ సిలబసా? ఏదైనా ఫరవాలేదు, ఏదో ఒకటి ఉండాలి. క్లాసు మొదలు ఎంతసేపు బార్ దగ్గర చేయిస్తారు? గంటన్నర క్లాసులో నలభై నిమిషాలకు తక్కువ బార్ చేయిస్తే మొదటి ఏడాది పిల్లలకు అది బ్యాలే క్లాసు కాదు. పాట పెట్టి స్టెప్పులు నేర్పడం వేరే పని. అది చెడ్డదని అనను, దాని పేరు బ్యాలే కాదంతే. చూడకుండానే "పాయింట్ షూ తెచ్చుకోండి" అన్నారని మీరు రాశారు. మిగతా ప్రశ్నలు అడగకపోయినా ఆ ఒక్కమాటతో నా సమాధానం తేలిపోయింది. అక్కడ చేర్చొద్దు.

ఇక పోటీలు. ఫంక్షన్ హాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచే "నేషనల్", "ఇంటర్నేషనల్" పోటీలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఎంట్రీ ఫీజు, మేకప్, డ్రెస్సు, పాటకు ఎడిటింగు, అన్నీ మనవే. చివర్లో వచ్చిన ప్రతివాళ్లకూ నిలువెత్తు ట్రోఫీ. ఒకసారి నా విద్యార్థినితో ఒకదానికి వెళ్లాను. "వెస్టర్న్" అనే ఒకే విభాగంలో హిప్ హాప్, సినిమా పాట, బ్యాలే అన్నీ కలిపారు. మార్కుల షీటు అడిగితే నిర్వాహకులు నవ్వారు. పాప మాత్రం ట్రోఫీ చూసి సంబరపడింది. కారులో వస్తూ "నాకంటే ముందు చేసినమ్మాయికీ ఇదే ఇచ్చారు కదా మిస్" అంది. పిల్లలకు అన్నీ తెలుస్తాయి.

పోటీ మంచిదో కాదో ముందే తెలుసుకోవచ్చు. జడ్జీలు ఎవరో ప్రకటించారా, వాళ్లు నిజంగా బ్యాలే నేపథ్యం ఉన్నవాళ్లేనా, ఒక విభాగంలో ఎంతమంది ఉంటారు, మార్కులూ వ్యాఖ్యలూ రాతపూర్వకంగా ఇస్తారా అని అడగండి. ప్రపంచంలో పేరున్న వాటిని చూస్తే తేడా అర్థమవుతుంది. స్విట్జర్లాండ్‌లో 1973 నుంచి జరుగుతున్న ప్రి ద లొజాన్ 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు. అక్కడ స్టేజీ మీద చేసే నాట్యం ఒక్కటే కాదు, క్లాసులో ఎలా పనిచేస్తున్నారో కూడా చూస్తారు. బహుమతి అంటే కప్పు కాదు, పెద్ద స్కూళ్లలోనో కంపెనీల్లోనో చేరడానికి స్కాలర్‌షిప్పు. 1999లో మొదలైన యూత్ అమెరికా గ్రాండ్ ప్రిలో తొమ్మిదేళ్ల వాళ్ల నుంచే ఉంటారు. కానీ అక్కడికి వచ్చే పిల్లలు రోజూ క్లాసు చేసేవాళ్లు. ఆరు నెలలే నేర్చుకున్న పాపను వాళ్ల పక్కన నిలబెడితే తను నేర్చుకునేది సిగ్గుపడటం ఒక్కటే.

ఈ వయసుకు పోటీ కంటే పరీక్ష మేలని నా అభిప్రాయం. లండన్‌లో 1920లో పుట్టిన రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్‌కి గ్రేడు పరీక్షలున్నాయి, ఒకటి నుంచి ఎనిమిది దాకా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చూసి మార్కులు వేస్తారు. పక్కపిల్లతో పోలిక ఉండదు. పాయింట్ వచ్చేది ఇంటర్మీడియెట్ ఫౌండేషన్ అనే వేరే వరసలో (మన ఇంటర్‌తో సంబంధం లేదు, ఒక తండ్రి నిజంగానే అలా అనుకున్నారు). రిజిస్టర్ అయిన టీచరు ద్వారానే పరీక్షకు వెళ్లాలి. అలాంటివాళ్లు దగ్గర్లో దొరక్కపోతే చెన్నై, బెంగళూరు వైపు చూడాల్సి వస్తుంది. నా విద్యార్థుల్లో ఇద్దరు నెలకోసారి పొద్దున్నే పినాకినిలో చెన్నై వెళ్లి, శని ఆదివారాలు క్లాసు చేసి వచ్చేవాళ్లు. మధ్యలో వారాలు నా దగ్గర అదే పాఠం. వేసవి సెలవుల్లో నెలరోజులు అక్కడే. ఖర్చు తక్కువేమీ కాదు. ఆన్‌లైన్ క్లాసు ఒకటి కలుపుకోవచ్చు గానీ అదొక్కటే చాలదు. తుంటి ఎక్కడ జారిందో చెయ్యి పెట్టి చూపించేవాళ్లు కావాలి.

పోటీ కావాల్సిందేనని పాప పట్టుబడితే కూచిపూడిలో పంపండి, అందులో తనకు ఐదేళ్ల బలం ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్పుకి 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు అర్హులు. సరిగ్గా తన వయసు.

ఆలస్యమైందా అన్నారు. రష్యాలో వాగనోవా అకాడమీ పదేళ్ల పిల్లల్ని తీసుకుని ఎనిమిదేళ్లు పూర్తికాలం చెప్తుంది. ఆ లెక్కన పెద్ద కంపెనీలో బ్యాలెరినా కావడం మన ఊళ్లో మొదలుపెట్టే పదకొండేళ్ల పాపకు చాలా కష్టం. దాచిపెట్టి ఏం లాభం. ఢిల్లీలో ఈ-రిక్షా నడిపే ఆయన కొడుకు కమల్ సింగ్ పదిహేడేళ్లకు మొదలుపెట్టి 2020లో లండన్ ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే స్కూలుకి వెళ్లాడు. ఆ కథ అందరూ నాకు పంపిస్తారు. నిజమే, గొప్ప విషయం. ఆ అబ్బాయి రోజుకి ఎన్ని గంటలు చేశాడో, ఫీజు తీసుకోకుండా చెప్పిన గురువు ఎలా దొరికాడో కూడా చదవండి. అబ్బాయిలకు పాయింట్ అవసరం ఉండదన్నది ఇంకో తేడా. బ్యాలెరినా కావడం పక్కన పెడితే, కాంటెంపరరీ నాట్యానికి, కొరియోగ్రఫీకి, టీచరు కావడానికి పదకొండేళ్లు ఏమాత్రం ఆలస్యం కాదు.

నాకు నిజంగా భయం వేసేది వేరే. ఎనిమిదో తరగతి వచ్చేసరికి మన రెండు ఊళ్లలోనూ ఫౌండేషన్ క్లాసులు మొదలవుతాయి. టెన్త్ అనగానే గజ్జెలు అటకెక్కుతాయి. బ్యాలేకి అన్నిటికంటే విలువైన ఏళ్లు పన్నెండు నుంచి పదహారు. ఆ నాలుగేళ్లు వారానికి మూడు రోజులు ఇస్తారా లేదా అన్నది మీరూ మీ ఆయనా ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఇవ్వలేకపోతే వారానికి ఒక క్లాసు సరదాగా చేయించండి, తప్పేం లేదు. తర్వాత మధ్యలో మాన్పించి "డాన్స్ వల్లే ర్యాంకు పోయింది" అనొద్దు.

తిండి గురించి ఒక్కమాట, ఎందుకంటే బ్యాలే అనగానే సన్నబడాలని అమ్మలే ముందు అనుకుంటారు. పెరిగే పిల్లకు అన్నం తగ్గించకండి. పొద్దున క్లాసుకి ముందు రాగిజావ, తర్వాత ఇడ్లీ గుడ్డు, మధ్యాహ్నం పెరుగన్నం. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పదిహేనేళ్లు వచ్చినా నెలసరి మొదలుకాకపోయినా, మొదలయ్యాక మూడు నెలలు ఆగినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తిండి చాలక ఎముక బలహీనపడుతోందేమో చూడాలి. రోహిణి కార్తెలో అయితే మా క్లాసు పొద్దున ఆరింటికే, ఎనిమిదికల్లా ఇళ్లకు పంపేస్తాం. ఉప్పేసిన మజ్జిగ సీసా తేకపోతే లోపలికి రానివ్వను.

ఈ ఆరు నెలలు ఏం చేయించాలంటే, వారానికి రెండు బ్యాలే క్లాసులు సరైన చోట, ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు మడమ లేపడం, పాదం నేల మీద రాస్తూ చాపి వెనక్కి తేవడం, పొట్ట కండరాల కసరత్తు. బోరు కొడుతుంది. బోరు కొట్టినా రెండో నెల తర్వాత తనంతట తనే చేస్తోందంటే మోజు తీరిపోయేది కాదని మీకే తెలుస్తుంది. చీలమండ వెనక నొప్పి, ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే ఎముక నొప్పి వస్తే స్ప్రే కొట్టి పంపొద్దు, ఆపి చూపించండి.

కావాలంటే వీడియో తీసి పంపండి, పాప మొహం కనపడక్కర్లేదు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, అరమండిలోకి మెల్లగా నాలుగుసార్లు దిగి లేవాలి, తర్వాత ఒంటికాలి మడమ ఎన్నిసార్లు లేపగలదో లెక్కపెట్టాలి. పరికిణీ, ప్రాక్టీసు చీర వద్దు, షార్ట్స్ వేయండి. మోకాళ్లు కనపడాలి.